మూడు చుక్కల మూత

పదింటికల్లా వచ్చేయమన్న మనిషి పదింటికి షెడ్డులో లేడంటే అందులో ఏదో మతలబు ఉండాలి అనుకున్నాడు భరణి. గుడియాత్తంలో ఎనిమిదింటి బస్సు పట్టుకుని, పళ్ళికొండ మలుపు దగ్గర ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, వేలూరులో దిగి, కాట్పాడి రోడ్డు దాకా షేర్ ఆటోలో ముగ్గురి మధ్య నలిగి వస్తే రేకుల షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల నరపురుగు లేదు. ఫోన్ చేస్తే మెకానిక్ దేవా తాపీగా, "లేత్ కాడ ఉండానన్నా, మూతలకి కొత్త బోల్టులు తీసుకుంటా ఉండా. గంటలో వచ్చేస్తా, ఫ్యాన్ ఏసుకోని కూర్చో," అన్నాడు. ఫ్యాన్ వేసుకుని కూర్చోవాలట. స్పానర్లూ, జాకీలూ, ఇత్తడి సామానూ అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి, పరాయి మనిషిని వాటి మధ్య కూర్చోబెట్టి వెళ్ళేవాడు వట్టి అమాయకుడైనా అయివుండాలి, ఎదుటి మనిషికి పరీక్ష పెట్టేవాడైనా అయివుండాలి. ఇరవై ఏళ్ళుగా పాత బండ్లు విప్పి బతుకుతున్నవాడు అమాయకుడు ఎలా అవుతాడు? భరణి ప్లాస్టిక్ స్టూలును గోడ వారకు లాక్కుని, తలుపూ ఇంజినూ రెండూ కనపడేట్టు కూర్చున్నాడు.

ఇంజిన్ షెడ్డు నడిమధ్య ఇనుప స్టాండు మీద తలకిందులుగా ఉంది. దాని మీదా, పక్కనున్న రేకు పళ్ళెం మీదా కలిపి ఒక గళ్ళ లుంగీ కప్పి ఉంది. తన ఊళ్ళో నేసిన లుంగీయే, అంచు చూస్తే తెలుస్తుంది. మూలన చిన్న హెరాల్డ్ కారు, రెండు తలుపులది, లేత నీలం రంగు కొత్తగా పూసుకుని, ముందు భాగమంతా పైకి తెరుచుకుని, లోపల ఖాళీగా నిలబడి ఉంది. రంగు బాగానే కుదిరింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే రంగుదేముంది, కంటికి కనపడేది ఎవడైనా బాగా చేస్తాడు. వేలూరు గురించి ఊరి వాళ్ళు సరసంగా చెప్పుకునే మాట ఒకటుంది కదా, నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట, ఒకప్పుడు దేవుడు లేని గుడి అని. ఆ వరసలో ఇంజిన్ లేని కారును కూడా చేర్చి తనకు అంటగడతాడేమో ఈ దేవా. లుంగీ కింద ఉన్నది తన తండ్రి కన్నప్ప కారులోంచి దించిన ఇంజినేనా, దాని బదులు ఏ తిరుపత్తూరు పాత ఇనుప కొట్టులోంచో తెచ్చి పెట్టిన మరో ఇంజినా? ఇంకో ఇంజినయితే ఈ రంగంతా దండగ. తనకు కావలసింది పాత కారు కాదు, ఆ కారు. అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్తూ పళ్ళికొండ మలుపు దాటి అర మైలుకు ఆగిపోయిన ఆ కారు, ఆ ఇంజినుతోనే, ఆ మిగిలిన దారి పూర్తి చేయాలి. ఒక్కసారి చాలు. తరవాత దాన్ని కొట్టంలో పెట్టుకుంటాడో, ఎవరికైనా ఇచ్చేస్తాడో, ఆలోచించలేదు.

అనుమానపు భరణి అని ఊళ్ళో పేరు. తాళం వేసి మూడు సార్లు లాగుతాడు, నాలుగు అడుగులు వేసి మళ్ళీ వెనక్కు వచ్చి లాగుతాడు. గ్యాస్ కట్టేశానని భార్య చెప్పినా లేచి వెళ్ళి చూసి వస్తాడు. మా ఆయన తన నీడను కూడా తలుపు బయట నిలబెట్టి పేరడుగుతాడు అంటుంది ఆమె. కూతురు హేమప్రియ అయితే, "అప్పా, నువ్వు చూడందే దేవుడొచ్చి చెప్పినా నమ్మవు," అని నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నమ్మి చెడినవాళ్ళున్నారు గానీ చూసుకుని చెడినవాళ్ళు లేరు. చూసుకోవాలి, ఏదైనా తన కంటితో చూసుకోవాలి. ఈ బుద్ధి తండ్రి నుంచి వచ్చిందనే అనుకునేవాడు. కన్నప్ప కూడా చివరి రోజుల్లో అంతే, ఎవరికీ ఏదీ అప్పగించేవాడు కాదు. మోటారు కట్టావా, గొళ్ళెం పెట్టావా అని కొడుకును అడగడం కూడా మానేశాడు, తనే కర్ర పట్టుకుని వెళ్ళి చూసుకునేవాడు. అంతకు ముందు అలా ఉండేవాడు కాదు. అంతకు ముందు రోజుకు పదిసార్లు, "భరణీ, చూసినావా?" అని కేకేసేవాడు. అది ఎప్పుడు ఆగిపోయింది? ఆ ఆలోచన కిరసనాయిలు వాసనతో కలిసి ముక్కుకు తగిలింది. షెడ్డులో ఏదో డబ్బా మూత సరిగ్గా లేనట్టుంది. ఆ వాసన భరణికి చిన్నప్పటి నుంచీ పడదు. లేచి వెళ్ళి డబ్బా మూత గట్టిగా నొక్కి వచ్చాడు.

ఎదురుగా గోడ మీద ఆ ఫోటో. దండ వేసి, చుట్టూ చిన్న ఎర్ర బల్బులు. పని మొదలైన మూడో వారంలో గానీ దాని మీద కన్ను పడలేదు తనకు. ముందరి పన్ను విరిగిన ఆ నవ్వు ఎక్కడ చూసినా గుర్తుపడతాడు. మణికంఠన్. అణైకట్ నుంచి వచ్చి తమ ఇంట్లో పదకొండేళ్ళు డ్రైవరుగా ఉన్న మణికంఠన్. ఎవరు అని అడిగితే దేవా పని ఆపకుండానే, "మా నాయన. పొయ్యి ఆరేండ్లయింది," అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు. ఆ కారు ఎవరిదో వాడికి తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసీ పని ఒప్పుకున్నాడు. తెలిసీ ఏమీ అనలేదు. తిట్టేవాడి వల్ల ప్రమాదం లేదు, ఏమీ అననివాడి వల్లే. తండ్రిని చెప్పుతో కొట్టి తరిమేసిన ఇంటి బండి కాళ్ళ దగ్గరికి నడిచొస్తే ఏ కొడుకు ఊరుకుంటాడు? ఆ రాత్రే బండి తెచ్చేసుకుందామనుకున్నాడు భరణి. అప్పటికే అది నూట ముప్పై ముక్కలుగా విడిపోయి ఉంది. పైగా ఈ చుట్టుపక్కల ఆ ఇంజిను తెలిసినవాడు ఇంకొకడు లేడు, నాట్రంపల్లిలో ఉన్న ముసలాయనకు చేతులు వణుకుతాయి.

ఆ రోజు. ఎండాకాలం, వేరుశనగ పెరికే రోజులు. చెంగమ్మ, తన అమ్మ, చేలోంచి కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏందో కరిచినట్టుండాది," అన్నది, ముల్లు గుచ్చుకుందన్నంత మామూలుగా. రక్తపింజరి. కన్నప్పకు కారు విప్పడం తెలుసు గానీ లారీల మధ్య నడపడం భయం, అందుకే డ్రైవరు. మణికంఠన్ అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. అమ్మ తల పదమూడేళ్ళ భరణి ఒళ్ళో. ఊరు దాటారు, పళ్ళికొండ వచ్చింది, పెద్ద రోడ్డెక్కి మలుపు తిరిగారు, కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది, ఎవరో లోపల ఉండి తలుపు కొడుతున్నట్టు. తరవాత పెద్ద శబ్దం ఒకటి, ఆ తరవాత ఏ శబ్దమూ లేదు. బండి తనంతట తనే కొంత దూరం జారి మైలురాయి పక్కన ఆగింది. ఇంజిను బిగుసుకుపోయింది. కన్నప్ప, తన అప్ప, దిగి, "ఆయిలు చూసినావారా?" అని అరిచాడు. "చూసినానన్నా, రెండు మాట్లు చూసినా." "చూసింటే ఎట్లరా బిగిసేది?" "అన్నా, నీ కాలు మొక్కుతా, ఒక్కసారి గేజ్ కడ్డీ తీసి చూడన్నా." చూడలేదు. చెప్పు తీశాడు. లారీ ఒకటి ఆగి అమ్మను ఎక్కించుకుంది. వేలూరు ఆసుపత్రి గేటు దగ్గర డాక్టరు ఆమె కనురెప్ప ఎత్తి చూసి, మళ్ళీ వదిలేశాడు. అమ్మ చెవి కమ్మ ఒకటి లారీలో ఎక్కడో పడిపోయింది. ఆ కమ్మ కోసం తను లారీ అంతా వెతికాడు, అమ్మను వదిలేసి. ఎందుకు వెతికాడో ఇప్పటికీ తెలియదు.

ఆ తరవాత ఊరు మణికంఠన్‌కు ఒక పేరు పెట్టింది. ఇంజిన్ ఆయిలు తీసి అమ్ముకున్నాడు, పాపిష్టివాడు, ఇల్లాలి ప్రాణం తీశాడు అని, ఆయిలు మణి అని. ఇప్పటికీ గుడియాత్తం సంతలో ముసలివాళ్ళు ఆ పేరే అంటారు. కారును ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చి కొబ్బరి పీచు కొట్టంలో పెట్టారు. ముప్పై తొమ్మిదేళ్ళు అది అక్కడే ఉంది. కన్నప్ప దాన్ని బాగు చేయలేదు, అమ్మలేదు. ఏడాదికోసారి ఇంజిన్ విప్పి కడిగి మూయందే నిద్రపట్టని మనిషి మళ్ళీ స్పానర్ ముట్టలేదు. పోయే ముందు కూడా, "బండి ఎవురికన్నా ఇచ్చెయ్యి నాయనా, ఇంజిన్ మాత్రం ఇప్పొద్దు," అన్నాడు. అమ్మ మీద ప్రేమ అనుకున్నాడు తను. ప్రేమే అయివుంటుంది. ఇంకేమవుతుంది? అయితే ఒక్క ప్రశ్న, ఇన్నాళ్ళూ రానిది, ఈ స్టూలు మీద కూర్చుంటే వస్తోంది. ఆయిలు ఎంతుందో చూపే ఆ గేజ్ కడ్డీ తీయడానికి ఎంతసేపు? బానెట్ ఎత్తి, వేలుతో పట్టి లాగి, తుడిచి, ముంచి చూడటం. రోడ్డు మీద అప్పకు ఆ తొందరలో తోచలేదు, సరే. తరవాత ముప్పై తొమ్మిదేళ్ళు కారు కొట్టంలోనే ఉంది కదా. తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి, అనుమానపు భరణి, ఆ కడ్డీ ఒక్కసారి ఎందుకు లాగి చూడలేదు?

మణికంఠన్ మీద కోపం, అంతే, వేరే ఏమీ లేదు. భరణి ఆ ప్రశ్నను పక్కకు నెట్టి మళ్ళీ దేవా మీదికి వచ్చాడు. అక్కడ ఊపిరి ఆడుతుంది. ఫోటో చూసినాక, ఇంజిన్ కింది భాగం విప్పగానే, పని మొదలుపెట్టాడు తను కూడా. హేమప్రియ గోళ్ళ రంగు సీసా, ముదురు ఎరుపుది, చొక్కా జేబులో పెట్టుకుని వచ్చి, దేవా టీకి వెళ్ళినప్పుడల్లా ఒక్కో ముక్క మీద, ఎవరికీ కనపడని చోట, ఒక్కో చుక్క పెట్టాడు. పిస్టన్ల లోపలి వైపు, రాడ్ల పక్కన, ఇంజిన్ దిమ్మె అడుగున. మొత్తం ఇరవై రెండు. ముక్క మారితే చుక్క ఉండదు, దొంగ దొరుకుతాడు. అంతకు ముందే, ఫోటో చూసిన మర్నాడు, దేవా ఫోన్ చేశాడు. "అన్నా, ఇంజిన్ అడుగున ఆయిలు తొట్టి, సంపు, ఇప్పినా. ఆయిలు నిండుగా ఉండాది. వాషరు కాడ కొంచెం కారింది గానీ, నాలుగు లీటర్లకి గరిటెడు తక్కువ. డబ్బాలో పోసి పెట్టినా, వచ్చి చూడు." తను వెళ్ళలేదు. ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాడు కూడా. ఎంత తెలివి! తండ్రి పేరు కడుక్కోవడానికి కొడుకు పాత ఆయిలు ఎక్కడి నుంచో తెచ్చి డబ్బాలో పోసి పెడితే సరిపోతుందా? అదిగో, ఆ డబ్బా అలమరలో పై అరన ఉంది. మీద అరవంలో తేదీ రాసి, మూతకు గుడ్డ కట్టి.

ఇప్పుడు ఇవాళ్టి ఈ పిలుపు. నిన్న ఫోన్‌లో, "రేపు కింది భాగం మూస్తానన్నా. మా గురువు కాడ పద్ధతి ఒకటుండాది. మూసే పొద్దు బండి సొంతదారుడు ఉండాల. మూతలు ఆయన చేత్తో ఒక్కొక్కటే అందీయాల, నేను బిగించాల. అప్పుడే పని నిలస్తాది," అన్నాడు. ఎవరు ఆ గురువు, ఎక్కడి పద్ధతి? తన చేత్తో అందిస్తే రేపు ఏదైనా అయితే నువ్వే కదన్నా ఇచ్చింది అంటాడు, అందుకే అయివుంటుంది. పన్నెండు కావస్తోంది, ఎండ రేకుల మీద పెటపెటలాడుతోంది, ఇంకా రాలేదు. భరణి లేచాడు. తలుపు దాకా వెళ్ళి రోడ్డు ఇటూ అటూ చూశాడు. వెనక్కు వచ్చి లుంగీ అంచు పట్టుకుని ఎత్తాడు.

ఇంజిన్ లోపలంతా అద్దంలా ఉంది. రాడ్లు తిప్పే ఇరుసు, క్రాంకు, కొత్తగా సానపట్టి, నాలుగు రాడ్లూ దాని చుట్టూ చేతులు చాచుకుని, పై మూతల కోసం ఎదురుచూస్తున్నాయి. దిమ్మె అడుగున వంగి చూశాడు. చుక్క ఉంది. పిస్టన్ల లోపలి వైపు సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. చుక్కలున్నాయి. లైటు ఇంకాస్త దగ్గరికి పెట్టాడు. అవి ముదురు ఎరుపు కాదు. గులాబి రంగు. అన్నీ, అన్ని చోట్లా, తను పెట్టిన చోటే, తను పెట్టినంతే, గులాబి రంగు చుక్కలు. దొరికాడు! ముక్కలన్నీ మార్చేసి, తన చుక్కలు కనిపెట్టి, వాటికి నకళ్ళు దిద్దాడు. ఎంత ఓపిక దొంగకు, ఇరవై రెండు! ఆనందమో కోపమో తెలియని వేడి చెవుల దాకా పాకింది. ఇన్ని నెలలూ తను అనుమానించింది నిజమైనందుకు కలిగే ఆ సంతోషం ఎంత పాడు సంతోషమో అప్పుడు తోచలేదు. ఇంకా ఏమైనా దొరుకుతుందేమోనని పళ్ళెం మీది లుంగీ కూడా లాగేశాడు.

పళ్ళెంలో తెల్ల గుడ్డ మీద నాలుగు మూతలు. అర్ధచంద్రం ఆకారంలో, ఒక్కోటి చిన్న పిల్లవాడి పిడికిలంత. ఒక్కో మూత ఒక్కో రాడ్డును క్రాంకుకు పట్టి ఉంచుతుంది, దేని మూత దానికే, ఒకదానిది ఇంకోదానికి పెడితే బిగిసినట్టే కనపడుతుంది గానీ నడిస్తే లోపల తినేస్తుంది. అందుకే మెకానిక్కులు పంచ్ పెట్టి సుత్తితో కొట్టి రాడ్డు మీదా మూత మీదా ఒకే లెక్క చుక్కలు పెడతారు. కన్నప్ప పంచ్ మొన విరిగింది, ఆయన చుక్కలు గుండ్రంగా రావు, గోరు గుచ్చినట్టు నెలవంకలా వస్తాయి. ఇవి నెలవంకలే. భరణి అవి చూడగానే ఆ వేడి కాస్త తగ్గింది. వీటికి నకలు ఎవడూ దిద్దలేడు, ఆ పంచ్ ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. అంటే ఇవి అప్పవే. ఇంజిన్ అప్పదే. మూతలకు దారంతో చీటీలు కట్టి ఉన్నాయి, దేవా చేతిరాత, అరవంలో. ఒక చుక్క మూతకు, ఒకటో రాడ్డు మీద ఉండింది అని. నాలుగు చుక్కల మూతకు, నాలుగో రాడ్డు మీద. మూడు చుక్కల మూత తీసి చీటీ చూశాడు. రెండో రాడ్డు మీద ఉండింది. రెండు చుక్కలది తీశాడు. మూడో రాడ్డు మీద ఉండింది. చీటీలు తారుమారు చేశాడా వీడు? ఎందుకు చేస్తాడు? తన తండ్రి తప్పు లేదనడానికి, ఎదుటివాడి తండ్రి మీదికి తోయడానికి. కన్నప్ప చుక్కలు చూసుకోకుండా మూస్తాడా, ఆ మనిషి చేతులు ఎట్లాంటివి, కళ్ళతో కాదు బొటనవేలితో లెక్కపెట్టాలిరా అనేవాడు, నూనెలో కళ్ళు మోసం చేస్తాయి, వేలు చేయదు అనేవాడు. భరణి బొటనవేలు తనకు తెలియకుండానే ఆ మూత మీద నడిచింది. ఒకటి, రెండు, మూడు.

కిరసనాయిలు. డబ్బా మూత గట్టిగానే ఉంది, వాసన మాత్రం ఆగలేదు. కిరసనాయిలు పళ్ళెంలో చేతులు, చిన్న చేతులు, గోళ్ళ సందున మసి. అరవ నెల వైకాసి మొదటి రోజు, గంగమ్మ సిరసు ఊరేగింపు. వీధి చివర డప్పులు. అమ్మవారి తల పూలలో ముంచి, జనం తలల మీదుగా తీసుకొస్తారు, ఒక్క నిమిషం ఆలస్యమైతే తమ వీధి దాటి నది వైపు వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏడాది దాకా లేదు. అప్ప కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. చెయ్యి బయటికి చాచి ఒక్కొక్కటే అడుగుతున్నాడు. మణికంఠన్ అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. డప్పులు దగ్గరికి వచ్చాయి. "రెండోది ఇయ్యి." చేతికి వచ్చింది ఇచ్చాడు. "చుక్కలు చూసినావా?" డప్పులు మలుపు తిరుగుతున్నాయి. "చూసినానప్పా." చూడలేదు. చూసినానప్పా అని, మూడోది కూడా చూడకుండానే ఇచ్చి, చేతులు నిక్కరుకు తుడుచుకుని పరిగెత్తాడు. సిరసు కనపడింది. దండం పెట్టుకున్నాడు. ఏమని దండం పెట్టుకున్నాడో గుర్తు లేదు. సరిగ్గా ఎనిమిదో రోజు అమ్మకు పాము కరిచింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూసి నవ్వుతారు. తన భుజం ముప్పై తొమ్మిదేళ్ళుగా తడుముకుంటూనే ఉంది, తాళం లాగి, గ్యాస్ చూసి, కనపడినవాడినల్లా దొంగ అని. మరిచిపోలేదు తను. మరిచిపోయివుంటే ఆ కడ్డీ లాగి చూసేవాడు. అప్పకూ తెలుసు. రోడ్డు మీద తెలియకపోయినా, ఇంటికి వచ్చాక, అమ్మను పంపించాక, ఏదో ఒక రోజు తెలిసివుంటుంది. ఆయిలు ఉందేమోనన్న భయంతోనే కడ్డీ తీయలేదు. ఆయిలు ఉంటే డ్రైవరు కాదు, మూసిన చేతులు. మూసిన చేతులు కావు, అందించిన చేతులు. పదమూడేళ్ళ పిల్లవాడి చేతులు. అందుకే ఇంజిన్ విప్పొద్దన్నాడు. అందుకే మళ్ళీ ఏనాడూ, ఏ విషయంలోనూ, చూసినావా అని తనను అడగలేదు. కొడుకును కాపాడుకున్నాడు, అందుకు ఇంకొకడి కొడుకు నెత్తిన ఆ పేరు పెట్టాడు. భరణికి ఏడుపు వచ్చింది. షెడ్డు మధ్య, రెండు చేతుల్లో రెండు మూతలు పట్టుకుని, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, నిలబడి ఏడ్చాడు.

బయట మోపెడ్ ఆగింది. దేవా బోల్టుల పొట్లంతో లోపలికి వచ్చి, కింద పడివున్న లుంగీనీ భరణినీ చూసి, పొట్లం బల్ల మీద పెట్టాడు. కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. భరణి తాగలేదు.

"చుక్కల రంగు మారిందని చూస్తా ఉండావా?" అన్నాడు దేవా. "ముక్కలన్నీ థిన్నరులో నానేసి కడిగినానన్నా. నీ రంగు పోయింది. నువ్వు వెతుక్కుంటావు గదా అని మా ఇంటామె రంజని గోళ్ళ రంగు తెచ్చి అదే చోట పెట్టినా. ఎరుపు దొరకలా, ఇదే ఉండింది."

"ముందే తెలుసా నీకు?"

"మొదటి రోజే చూసినా. బండి సొంతదారుడు నమ్మకపోతే తప్పు కాదులే అనుకున్నా. అందులోనూ నేను ఎవురి కొడుకునో తెలిసినాక." అతను చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మూతల వైపు చూశాడు. "చీటీలు చదివినావు. నమ్మవని ఇప్పే ముందు ఫోటో కూడా తీసి పెట్టినా. చూపిస్తా ఉండు."

"వద్దు."

జేబులో ఫోన్ కోసం వెళ్ళిన చెయ్యి ఆగింది. భరణి నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు ఇద్దరూ కొంచెం ఆశ్చర్యపోయారు.

"మా నాయన పొయ్యేదాకా ఒకే మాటన్నా. ఆయిలు ఉండింది, ఆయిలు ఉండింది అని. నాకే సగం నమ్మకం లేదు. సంపు ఇప్పి చూసినాక ఇక్కడే కూర్చోని ఏడ్చినా. మీ నాయన మూత మార్చినాడని ఊరంతా చెప్పమని అడగను. పెద్దాయన, పొరపాటు. ఆయిలు ఉండిందని మీ ఊర్లో ఒక్కరికి చెప్పు, అంతే, చాలు."

"మా అప్ప కాదు," అన్నాడు భరణి.  "ఆ పొద్దు మూతలు అందిచ్చింది నేను. చూసినావా అని అడిగినాడు. చూడకుండా చూసినానని చెప్పినా. సిరసు పోతా ఉండాదని."

దేవా చేతిలోని గుడ్డను బల్ల మీద పడేశాడు. రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. అతను గోడ మీది ఫోటో వైపు చూడలేదు, భరణి వైపూ చూడలేదు, అలమరలో పై అరన ఉన్న డబ్బా వైపు చూశాడు.

"మా నాయనకి ఆ తరవాత ఎవురూ స్టీరింగ్ ఇయ్యలా. లారీ కడిగినాడు. ఇస్కూల్లో నన్ను ఆయిలూ అని పిలిచేటోళ్ళు." ఆగాడు. "నాకు కోపం లేదని చెప్పలేనన్నా. ఉండాది. ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువైంది."

"ఉండనీ," అన్నాడు భరణి. "ఒక్కరికి కాదు, సంతలో నిలబడి చెప్తా. ఆయిలు ఉండిందనీ చెప్తా, ఇదీ చెప్తా. బండి బయటికి వచ్చిన పొద్దు నువ్వే నడపాల. నేను పక్కన కూర్చుంటా."

దేవా బల్ల దగ్గరికి వెళ్ళాడు. పొట్లం విప్పి కొత్త బోల్టులు ఒక్కొక్కటే బల్ల మీద వరసగా పెట్టాడు. రాడ్లకు నూనె రాశాడు. ఇంజిన్ మీదికి వంగి, తల ఎత్తకుండా, చెయ్యి వెనక్కు చాచాడు. ఒకటోది భరణి అందించాడు, అతను బిగించాడు. చెయ్యి మళ్ళీ వచ్చింది.

"రెండోది ఇయ్యన్నా."

భరణి మూత తీసుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనపడటం లేదు. బొటనవేలు పెట్టాడు. ఒక నెలవంక. పక్కన ఇంకొకటి. ఆ పక్కన నున్నగా ఉన్న ఇనుము మీద వేలు ఆ చివర దాకా నడిచి, వెనక్కు వచ్చి, మళ్ళీ లెక్కపెట్టింది.

"చూసినావా?" అన్నాడు దేవా.

"చూసినా," అన్నాడు భరణి, అతని అరచేతిలో పెట్టాడు. దేవా దాన్ని తను మళ్ళీ తిప్పి చూడకుండానే రాడ్డు మీద పెట్టి బోల్టు అందుకున్నాడు.